ఏడో సాలుకు పోసిన నీళ్లు

పొద్దుగూకే యాళ్లకు మా కోడలు వాకిట్ల నీళ్లు చల్లుతది. ఎండకు కాలిన మట్టి మీద నీళ్లు పడంగనే ఒక వాసన లేస్తది. అందరికీ మంచిగనిపించే వాసనే. నాకు మాత్రం అది ముక్కుకు తగలంగనే సరళ మేడం యాదికొస్తది. ఆమె గురించి రాయాలని ఎన్నేండ్ల నుంచో ఉంది గని, మూడో తరగతి దాంక చదివినదాన్ని, ఎక్కడ మొదలువెట్టాల్నో తెల్వక ఆగిన. ఇయ్యాల ఆ వాసన కాడ్నే మొదలువెడుతున్న.

అప్పుడు బోధన్ల షుగర్ ఫ్యాక్టరీ నడుస్తుండె. మా ఊరికి దగ్గర్ల చెరుకు మీద పరిశోధన చేసే సర్కారు ఫారం ఒకటి ఉండె. నేను బీడీలు చుట్టుడు బంద్ చేసి ఆడికి కూలికి పోయిన. సరళ మేడం ఆడ సైంటిస్టు. గుంటూరు దిక్కు మనిషి. చీర మీద పొడుగు చేతుల అంగీ తొడుక్కొని, నెత్తికి మగోళ్ల టోపీ పెట్టుకొని చేన్ల తిరిగేది. కూలోళ్లను సుత "రండి, కూర్చోండి" అనేది. మేం ఎనక "అండీ మేడం" అనుకుంట నవ్వేటోళ్లం.

నీళ్లు అందకపోతే చెరుకు ఎట్ల తట్టుకుంటదో చూసుడు ఆమె పని. పది పొట్టి సాళ్లు, సాలుకో రకం పెట్టింది. ఎండకాలం రాంగనే అన్నిటికీ నీళ్లు బంద్ చేయించింది. ఆకులు ఎంత ముడుచుకున్నయో పొద్దుగాల ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూసి రిజిస్టర్ల అంకె వెయ్యాలె. మంచిగ విప్పుకొని ఉంటె సున్న, బీడి లెక్క చుట్టుకుంటె ఐదు. నాకు అంకెలు వస్తయని ఆ పని నాకిచ్చింది.

మాతోని పనిచేసే సాయవ్వ పెద్దమనిషి, నోరు ఊకోదు. "గిదేం సదువే పిల్లా? చెట్టును ఎండవెట్టి, అది ఎట్ల సస్తదో రాసుకునుడా? ఇంటికొచ్చిన కోడలికి బువ్వ పెట్టకుంట గిట్లనే రాస్తరా?" అని మేడం ముందటనే అన్నది.

మేడం నవ్వింది. "చచ్చేదాన్ని కాదు సాయవ్వా, బతికేదాన్ని వెతుకుతున్నాను."

ఏడో సాలు షెడ్డును ఆనుకొని ఉండె. దాని పక్కనే కూసొని నేను సద్ది తినేది. మధ్యాహ్నమయ్యేసరికి ఆకులన్నీ సన్నగ చుట్టుకొని నిలవడేటియి. నేను గటగట నీళ్లు తాగుతుంటె ఆ చెరుకు నా దిక్కే చూస్తున్నట్టు అనిపించేది. ఒకరోజు చెంబుల మిగిలిన నీళ్లు దాని మొదట్ల పోసిన. మట్టి ఉస్సుమని తాగింది, వాసన లేసింది. తెల్లారి షెడ్డు కాడి నీళ్ల గోలెంల ముంచి రెండు బిందెలు పోసిన. ఇగ రోజూ గంతే. అందరు షెడ్డుల నడుం వాల్చినప్పుడు పోసేది. తప్పు చేస్తున్న అనిపియ్యలే, పుణ్యమే అనుకున్న.

ఇరవై రోజులకు తక్కిన సాళ్లన్నీ కొంచెమో గొప్పో పసుపుపచ్చగ అయినయి. ఏడోది పచ్చగ నిలవడ్డది. మేడం చిన్నపిల్ల లెక్క చప్పట్లు కొట్టింది. "గంగమణీ, దొరికింది! కాలువ చివరి రైతులకు ఇక భయం లేదు." హైదరాబాద్ నుంచి పెద్దసారును పిలిపించి చూపిస్త అన్నది. నేను చేతుల చెంబును కొంగు చాటుకు జరుపుకున్న.

ఆ రోజు పొద్దుగూకినంక మా తమ్ముడు రాజు ఇంటికొచ్చిండు. వాని పొలం కాలువ ఆఖరున ఉంటది, నీళ్లు వచ్చినంక నమ్మాలె. "అక్కా, నీళ్లు లేకున్నా పచ్చగుండే చెరుకు పుట్టిందట గద! మీ మేడంను అడిగి ఇత్తనం గడలు ముందుగాల నాకే ఇప్పియ్యి. ఉన్న ఎకరం మొత్తం గదే పెడత" అన్నడు. చాయ తాగి ఖుషీగ పోయిండు. నేను పొయ్యి ముందట లెక్కలు వేసుకుంట కూసున్న. చెప్తే నా పని పోతది, మేడం ఏడాది కష్టం పోతది. చెప్పకుంటె వాని చేను ఎండుతది. వాని అసుంటోళ్లయి ఇంక ఎన్ని చేన్లో.

తెల్లారి మేడం టేపు పట్టుకొని ఏడో సాలు ఆకు కొలుస్తుంటె దగ్గరికి పోయిన. "మేడం, గది దాని బలం కాదు. నేను నీళ్లు పోసిన."

ఆమె టేపు చేతుల అట్లనే ఉండంగ గట్టు మీద కూసున్నది. కండ్లల్ల నీళ్లు చూసి నేను కాళ్లు పట్టుకోవోతె ఆపింది.

"ఎన్ని రోజులు?"

"ఇరవై."

"రోజుకి ఎన్ని బిందెలు?"

"రెండు."

రిజిస్టరు నా చేతులవెట్టింది. "రాయి."

"నాకు అంకెలే మంచిగొస్తయి మేడం."

"ఇప్పుడు నోటితో చెప్పావు కదా, అలాగే రాయి. జరిగింది జరిగినట్టు రాయకపోతే ఈ పుస్తకం పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు."

ఒక్కొక్క అక్షరం కూడవెట్టుకుంట రాసిన. 'ఏడో సాలుకు ఇరవై రోజులు రెండు బిందెల నీళ్లు పోసిన. గంగమణి.' ఉత్తరం ముక్క సుత రాసి ఎరుగనిదాన్ని, నేను రాసిన మొదటి ముచ్చట గదే.

తర్వాత గడ్డపార తెమ్మన్నది. ఇద్దరం కలిసి ఏడో సాలు ఒక కొసకు తవ్వినం. వేర్లన్నీ పైపైనే, గడ్డం లెక్క గుంపుగ ఉన్నయి. నాలుగో సాలు తవ్వితే చెయ్యి లోతుకు పోయినా వేరు కొస దొరకలే. ఆ నాలుగోది మధ్యాహ్నం అన్నిటికన్న ముందు ముడుచుకునేది. చేతగానిదని నేను దాని దిక్కు చూడకపోయేది.

"ముడుచుకుంటే ఏడుస్తోందని కాదు గంగమణీ. ఎండలో నువ్వు నెత్తిన కొంగు కప్పుకోవూ? అదీ అంతే, ఉన్న తడి దాచుకుంటోంది. పొద్దున్నే చూడాలి. తెల్లవారినా విప్పుకోకపోతే అప్పుడది నిజంగా దాహం."

రిజిస్టరు తీసి చూపించింది. నాలుగో సాలు మధ్యాహ్నం ఐదు, పొద్దుగాల సున్న. రోజూ గట్లనే. రాసింది నేనే, తెలుసుకోనిది నేనే.

పెద్దసారు వచ్చిండు. నేను షెడ్డు మూలకు చీపురు పట్టుకొని నిలవడ్డ. మేడమే చెప్పింది, "ఏడో వరుస లెక్కలోంచి తీసేయండి సార్, దానికి నీళ్లు పడ్డాయి."

"ఎవరు పోశారు? ఇంత నిర్లక్ష్యమా?"

"పేరు రిజిస్టర్లో ఉంది సార్. కానీ నీళ్లు ఎందుకు ఆపామో నా మనుషులకి నేను చెప్పలేదు. తప్పు నాది."

ఆ సారు నా దిక్కు చూడనే లేదు. ఆయన పోయినంక మేడం అందరినీ కూసోవెట్టి ఏ సాలుకు ఏం చేస్తున్నమో, ఎందుకు చేస్తున్నమో చెప్పింది. సాయవ్వ ఆ దినం నుంచి "అండీ మేడం" అని నవ్వుడు బంద్ చేసింది. సంగతి చెప్తే తమ్ముడు నెల దినాలు నాతోని మాట్లాడలే. చెరుకు ఇడిసిపెట్టి జొన్న వేసిండు, ఇల్లు గడిచింది. మేడం మరుసటేడు మళ్లీ మొదటికెళ్లి పరీక్ష పెట్టింది, ఆకులు చూసే పని నాకే ఇచ్చింది. తర్వాత బదిలీ అయ్యి పోయింది. ఆ నాలుగో రకం ఏమైందో నాకు తెల్వదు.

ఇప్పుడు మా చేన్ల పసుపు పంట. మధ్యాహ్నం ఆకు చుట్టుకుంటె మా కొడుకు మోటరు దిక్కు ఉరుకుతడు. "ఆగురా, పొద్దుగాల చూద్దాం" అంట. మొన్న మతిమరుపుల ఒకే మడికి రెండుసార్లు యూరియా చల్లిన. ఎవ్వరు చూడలే. ఇంటికొచ్చి కాళ్లు సుత కడుక్కోకుంట, గోడకున్న క్యాలెండర్ మీద ఆ తారీఖు పక్కన రాసిన: 'రెండుసార్లు వేసిన. గంగమణి.'