పైవాళ్ళ బండికి హారతి

రేపల్లెలో నిజాంపట్నం రోడ్డు మీదున్న వాజిద్ వెల్డింగు షాపులో గేటు చేయించుకోవాలంటే ముందు ఓపిక కావాలి. పనికి వంక పెట్టే వీల్లేదు. చిక్కంతా ఆ నోటితోనే. మనం బెంచీ మీద కూర్చోవడమే ఆలస్యం, నల్లద్దాలు నుదుటి మీదికి తోసి, "నూహ్ నబీ ఓడ సంగతి మీకు తెలుసాండి?" అని మొదలుపెట్టేవాడు. వరద రాబోతోందని నూహ్‌కి ముందే కబురందింది, ఓడ కట్టాడు. ఇక్కడ మనువుకి చేప వచ్చి చెప్పింది, పడవ కట్టుకున్నాడు. సముద్రాలకవతల ఇంకెన్నో జాతులవాళ్ళు ఇదే కథ చెప్పుకుంటారట.

"ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడనోళ్ళండి. కథ మాత్రం ఒకటే. మరి వీళ్ళందరికీ ఎవరు చెప్పారు?" అని మన కళ్ళల్లోకి చూస్తూ ఆగేవాడు. జవాబు మనకొదిలేస్తే కదా! పైవాళ్ళు చెప్పారు. వేరే నక్షత్రాల నుంచి బండ్లేసుకుని దిగినవాళ్ళు. పుష్పక విమానం వాళ్ళదే, గుళ్ళ మీదికి అంతంత రాళ్ళెత్తిందీ వాళ్ళే. మనుషుల వల్ల అయ్యే పనులా అవి, అనేవాడు. మసీదులో పెద్దలు గడ్డి పెట్టారు, గుడి దగ్గర పంతులుగారు చీవాట్లు పెట్టారు. రెండు వైపులా తిట్లు తినే మొగుడు ఊరు మొత్తానికి తనకొక్కదానికే దొరికాడని అతని భార్య ఆసియా తల బాదుకునేది.

ఈ పిచ్చి పట్టింది తెనాలిలో. చిన్నప్పుడు అక్కడ అబూబకర్ అనే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుంటూ, రోడ్డు పక్కన అట్ట ఊడిపోయిన పాత పుస్తకమొకటి కొన్నాడు. ఆ పుస్తకం గురించి ఎంతసేపైనా చెప్పేవాడు. ఉస్తాద్ గురించి అడిగితే మాత్రం "పోయారండి" అని నల్లద్దాలు కిందికి దించుకుని పనిలో పడేవాడు. వాగుడుకాయ నోటికి ఆ ఒక్క చోట మాత్రం ఎందుకు తాళం పడేదో ఎవరికీ తెలియదు.

అతని కథకి ఎదురు చెప్పింది ఒక్క పేరంటాలే. ఆమెది అడవులదీవి. మొగుడు కాశీవిశ్వనాథం బోటు మీద వేటకి పోతే, ఆమె చేపల గంప దించుకుని వాజిద్ షాపు ముందు కాసేపు కూర్చునేది. అన్నా అని పిలిచేది. ఆ వరస పట్టుకుని కాశీ కూడా అతన్ని బావా అనేవాడు. డెబ్బై ఏడు ఉప్పెనలో వాళ్ళ నాన్న ఆమెని వలతాడుతో తాడిచెట్టుకి కట్టేసి, తను నీళ్ళలో కొట్టుకుపోయాడు. వాజిద్ కథ అంతా విని ఆమె ఒకసారి, "ఎవరో వచ్చి చెప్పడమేంటన్నా? మునిగినోళ్ళే చెప్పుకునుంటారు" అంది. వాజిద్ నవ్వి కొట్టిపారేశాడు.

రెండువేల మూడో సంవత్సరం మాఘమాసంలో కాశీ వలలో అది పడింది. బరువుగా ఉందని సంబరపడి లాగితే చేపలు కావు. పెద్ద గుమ్మడికాయకి రెండింతలున్న గుండ్రటి లోహపు గుండు. ఒంటినిండా నాచూ నత్తగుల్లలూ, ఒక పక్కన వంకరపోయిన చిన్న గొట్టం. ఉప్పునీళ్ళలో ఎన్నాళ్ళుందో గాని తుప్పు చుక్కయినా లేదు. ఇలాంటివి తెలిసినవాడు మనకి ఒక్కడే అని కాశీ మనిషిని పంపితే, వాజిద్ సగం కోసిన గేటుని అలాగే వదిలేసి పరిగెత్తాడు.

ఒడ్డు మీద జనాన్ని తోసుకుంటూ వెళ్ళి చూశాడు. ఇన్నేళ్ళూ ఊరంతా నవ్విన మాటకి సాక్ష్యం కళ్ళముందు తడి ఇసుకలో ఉంది. తట్టి చూశాడా, తిప్పి చూశాడా? ఊహూ. "ఇది మన లోకంది కాదు. పైవాళ్ళ బండిది" అనేశాడు. అక్కడే ఉన్న పున్నమ్మ, గంగమ్మ పూనే ముసలామె, ఆ మాట అందుకుంది. ఆకాశంలోంచి వచ్చి సముద్రంలో దొరికిందంటే ఆకాశగంగమ్మే అంది. గంటలో పసుపు పూశారు, కుంకుమ పెట్టారు. శుక్రవారం నిలబెట్టి హారతివ్వాలని పెద్దలు నిర్ణయించారు. తల్లి కూర్చోవడానికి ఇనప పీట చేసిపెట్టమని కాశీ అడిగితే, వాజిద్ డబ్బు మాట ఎత్తకుండా ఒప్పుకున్నాడు.

శుక్రవారం పొద్దున పీట ఆటోలో వేసుకుని వెళ్ళాడు. తాటాకు పందిరి వేశారు, మామిడాకులు కట్టారు, డప్పులు మోగుతున్నాయి. గుండుని ఇసుకతో, కొబ్బరిపీచుతో తోమితోమి తళతళలాడేట్టు చేశారు. నలుగురు పట్టి ఎత్తి పీట మీద దించుతుంటే ఒకడి చెయ్యి జారింది. గొట్టం మొన పీట కాలికి తగిలి, దాన్ని మూసేసిన నత్తగుల్ల పెంకు ఊడిపడింది. అపశకునమని ఎవరో గొణిగారు తప్ప దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. గుండు కదలకుండా ఉండటానికి వాజిద్ మోకాళ్ళ మీద కూర్చుని కింద చెక్కముక్క దూరుస్తున్నాడు.

అప్పుడు తగిలింది ముక్కుకి. ఆ ఒడ్డున ఎండుచేపల కంపులో ఇంకొకడైతే గుర్తుపట్టేవాడు కాదు. వాజిద్ నిజాంపట్నం ఐస్ ఫ్యాక్టరీల్లో కారే గొట్టాలు ఎన్నోసార్లు అతికినవాడు. అమ్మోనియాలాంటి ఘాటు, కళ్ళు మండించే ఘాటు. చెవి దగ్గర పెడితే గొట్టంలోంచి సన్నగా బుస్సుమంటోంది. చేతికి తెలియకుండానే అతని బొటనవేలు గుండు నడుమున పసుపుని తుడిచింది. పసుపు కింద గీత ఉంది. గీత కాదు, వెల్డింగు కుట్టు. చుట్టూ ఎంత నాజూగ్గా పోయిందో! ఒక్కచోట మాత్రం చిన్న బుడిపె. అక్కడ ఎవడో చెయ్యి ఆపాడు. ఊపిరి తీసుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. వాజిద్ రోజూ చేసే పనే అది.

అంటే ఇది ట్యాంకు. ఏ దేశపు రాకెట్టుదో, విమానానిదో, సముద్రంలో రాలిపడిన ట్యాంకు. లోపల ఇంకా ఏదో మిగిలుంది.

తలెత్తేసరికి పున్నమ్మకి పూనకం వచ్చేసింది. డప్పులు జోరందుకున్నాయి. ఇళ్ళ వైపు నుంచి పేరంటాలు హారతి పళ్ళెంతో వస్తోంది. కర్పూరం అప్పుడే వెలిగించినట్టుంది, సముద్రపు గాలికి ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. వెనకాల ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలు.

"ఆగమ్మాయ్! అక్కడే ఆగు."

డప్పులు ఆగాయి. కాశీ ముందుకొచ్చి ఏమైందని అడిగాడు. లోపల గ్యాసేదో ఉంది, నిప్పు దగ్గరికి తేవద్దని వాజిద్ చెప్పాడు. కాశీ నవ్వబోయి, అతని మొహం చూసి మానుకున్నాడు. "పైవాళ్ళ బండికి గ్యాసేంటి బావా? నువ్వేగా చెప్పింది?" అన్నాడు. ఇంతలో గుంపులోంచి ఎవడో, సాయిబుగారికి మన హారతి గిట్టలేదేమో అన్నాడు. మాట చిన్నదే. ఆ ఊళ్ళో ఎన్నో ఇళ్ళల్లో కూర్చుని అన్నం తిన్న వాజిద్‌కి అది గుండెల్లో గుచ్చుకుంది. జనం రెండడుగులు దగ్గరికి జరిగారు.

తప్పించుకునే దారి ఒకటుంది. పైవాళ్ళకి నిప్పు గిట్టదని చెబితే చాలు, అందరూ నమ్ముతారు, అతని పరువూ నిలబడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అలా చెబితే ఆ గుండు ఆ పందిట్లోనే దేవతై కూర్చుంటుంది. రేపు ఎవరో తెలియనివాళ్ళు అగరొత్తి వెలిగిస్తారు. ఎల్లుండి ఎవడో ఆ పక్కనే బీడీ ముట్టిస్తాడు.

"నేను తప్పు చెప్పా" అన్నాడు. "ఇది పైవాళ్ళది కాదు. మనిషి చేసిందే. నాలాంటి వెల్డింగువాడే చేశాడు. ఇదిగో కుట్టు, చేత్తో తడిమి చూడండి. పైవాళ్ళు లేరు, బండ్లు లేవు. ఇన్నేళ్ళూ నేను వాగిందంతా ఉత్తదే."

కాశీ అతని చొక్కా పట్టుకున్నాడు. దేవతని చేసిందీ నువ్వే, కాదనేదీ నువ్వేనా, మా ఆడవాళ్ళ ముందు మమ్మల్ని వెధవల్ని చేశావా అని ఊపేశాడు. పున్నమ్మ జుట్టు విరబోసుకుని, నా హారతేదని గర్జించింది. వెనకనున్నవాళ్ళు పేరంటాల్ని ముందుకు తోశారు. ఆమె ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు. పళ్ళెంలో మంట గాలికి అటూఇటూ ఊగుతోంది. గొట్టం బుస ఆగలేదు.

వాజిద్ కాశీ చేతుల్లోంచి వదిలించుకోలేదు. ఆమె వైపు మాత్రం తిరిగాడు.

"అమ్మాయ్, మా ఉస్తాద్ ఎట్టా పోయారో నీకెప్పుడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఖాళీ డ్రమ్మే గదా, ఎండిపోయింది గదా అని కోయడానికి నిప్పు పెట్టారు. ఇటు పక్కన పట్టుకుంది నేను. మూత అటు లేచింది. ఆయన తల కోసం గోడ అవతల వెతికాం."

పేరంటాలు ఆగింది. మంట వైపు చూసింది, అతని వైపు చూసింది. ఇన్నేళ్ళలో అతని నోటి నుంచి ఆ కథ ఆమె వినలేదు. దాన్లో ఆకాశమూ నక్షత్రాలూ లేవు. చెట్టుకి కట్టేసి ఉండి తండ్రి పోవడం చూసిన మనిషికి, కళ్ళారా చూసి చెప్పే మాట ఎలా ఉంటుందో తెలుసు.

"గంగమ్మ అక్కడుంటే ఇక్కడ హారతేంటి?" అని గిరుక్కున వెనక్కి తిరిగింది. పళ్ళెం పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి నడిచి సముద్రానికి హారతి పట్టింది. పున్నమ్మ ఊగుతూ ఆమె వెనకాలే పోయింది. పున్నమ్మ పోతే ఆడవాళ్ళందరూ పోయారు, డప్పులూ పోయాయి. కర్పూరం చిట్టచివరి వరకూ కాలి, అలకి ఆరింది. ఒడ్డున మిగిలిన కాశీ మాత్రం బావని వదల్లేదు. లాగి ఒక్కటి పీకాడు. వాజిద్ ఇసుకలో చతికిలపడి, దెబ్బకి కాదు, గుండె జారిపోయి ఏడ్చాడు.

ఊళ్ళోంచి ఎవరో కబురు పెడితే మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. మర్నాడు ముక్కులకి గుడ్డలు, చేతులకి తొడుగులు వేసుకున్న ఆఫీసర్లు బాపట్ల మీదుగా జీపుల్లో వచ్చి, జనాన్ని ఊరికి ఆ చివరికి తోలేశారు. దూరాన బీడీ ముట్టించిన కానిస్టేబుల్ని ఒక ఆఫీసరు చెంప పగలగొట్టినంత పని చేశాడు. అది పేరంటాలు చూసింది, కాశీ కూడా చూశాడు. గుండుని ఇసుక నింపిన లారీలో పడుకోబెట్టి తీసుకుపోయారు. అదేంటో, ఎక్కడిదో, అంటుకుంటే ఏమయ్యేదో ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. పేలని దానికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? సాయిబు మా గంగమ్మని వెళ్ళగొట్టాడని అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఆ పీట మాత్రం అక్కడే ఉండిపోయింది. పేరంటాలు దాని మీద చేపల గంప ఆరబెట్టుకుంటుంది. కాశీ కొన్నాళ్ళు మొహం చాటేసి, ఒకరోజు రెండు పండుగప్ప చేపలు తెచ్చి షాపు బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయాడు. వాజిద్ షాపులో నూహ్ నబీ ఓడ మళ్ళీ బయల్దేరలేదు. గేటు కోసం వచ్చినవాళ్ళు కాసేపు ఎదురుచూసి, ఒంట్లో బాలేదా సాయిబుగారూ అని అడిగేవాళ్ళు. లేదండి, బాగానే ఉన్నానండి అని పనిలో పడేవాడు. ఆ పిచ్చి ఎప్పుడు వదులుతుందా అని మొక్కుకున్న ఆసియాకే ఆ మౌనం చూస్తే భయం వేసింది.

ఆ ఏడు వానాకాలంలో గ్యాసు సిలిండరు కోసం బాపట్ల వెళ్ళాడు. పక్కనున్న వెల్డింగు షాపులో ఆదాము అనే ఆయన పని చేస్తున్నాడు. వాజిద్ కన్నా పెద్దవాడు, ఎప్పుడూ చూసిన మొహం కాదు. ఒక రైతు నూనె డ్రమ్ము తెచ్చి, నిలువునా కోసివ్వమని తొందరపెడుతున్నాడు. ముందు నిండా నీళ్ళు పొయ్యాలండి అన్నాడు ఆదాము. ఖాళీదే గదయ్యా, ఎండి చాన్నాళ్ళయింది అని రైతు విసుక్కున్నాడు.

"మా గురువుగారూ అదే అన్నారండి" అన్నాడు ఆదాము. "చీరాల్లో. ఖాళీదే గదా అని నిప్పు పెట్టారు. ఇటు పక్క పట్టుకుంది నేను..."

సిలిండరు వాల్వు సరిచూసుకుంటున్న వాజిద్ చేతిలోని స్పానరు కింద పడింది. ఆ చప్పుడుకి ఆదాము మాట ఆపి తిరిగి చూశాడు.

"మూత అటు లేచింది" అన్నాడు వాజిద్. "గోడ అవతల వెతికారు."

"అవునండి" అన్నాడు ఆదాము. "మీకెవరు చెప్పారు?"

ఇరవై ఏళ్ళుగా ఊరందరినీ తను అడిగిన ప్రశ్న అది. వాజిద్ నుదుటి మీద మరిచిపోయిన నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, ఆయన షాపు ముందున్న బెంచీ మీద కూర్చున్నాడు.

"ఎవరూ చెప్పలేదండి" అన్నాడు. "నేనూ అక్కడ నిలబడ్డవాణ్ణే. తెనాల్లో."