ఈ వానాకాలం ఎవర్ని మానేద్దాం

మా డ్రిల్లు టీచరు చనిపోయింది. మొన్న పొద్దున, ఖమ్మం దవాఖానాలో. ఫోన్ చేసి చెప్పింది ఆమె తమ్ముడు. "మెడికల్ కాలేజీ వాళ్లు వచ్చి తీసుకుపోయారమ్మా, మేం చేసేదేం మిగల్లేదు" అన్నాడు. తన శరీరం చదువుకునే పిల్లలకు ఇవ్వాలని ఆమె ముందే సంతకం పెట్టి ఉంచింది. కట్టెలు లేవు, కుండ లేదు, మోసే వాళ్లు లేరు. ఒక వ్యాను, ఒక స్ట్రెచర్, అంతే.

మధ్యాహ్నానికల్లా మణుగూరు వాట్సాప్ గ్రూపుల్లో చేతులు జోడించిన బొమ్మలు మొదలయ్యాయి. ఆదర్శ మహిళ అట. ఒంటరి పోరాట యోధురాలట. ఆమె నడిబజార్లో పడవ లాక్కుపోతుంటే పళ్లికిలించిన వాళ్లే ఇందులో సగంమంది. అందుకే ఇది రాస్తున్నాను. సంతాపం నాకు చేతగాదు, వాదన చేతనవును. ఆమె ఎవరితోనూ పోరాడలేదు. చేపలు పట్టింది. మన ఊళ్లో ఒక ఆడమనిషి ఒక్కతే ఒక పని చేసుకుంటే దానికి పోరాటమని పేరు పెడితే గానీ మనకు మింగుడు పడదు.

తెలియని వాళ్ల కోసం చెప్తాను. బాలికల హైస్కూల్లో మాకు ఆటలు నేర్పిన టీచరు. కిందపడితే లేపేది కాదు. "ఎటు పడ్డవో చూసుకో, మళ్ల అటు పడకు" అనేది. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక, పెళ్లి ఊసెత్తే వాళ్లు కూడా అలిసిపోయాక, ఒక పచ్చటి ప్లాస్టిక్ పడవ తెప్పించుకుంది. ఒక్క మనిషే పట్టేది. కయాక్ అంటారు. పార్సిల్ ఆఫీసులో దించినప్పుడు చూసినవాళ్లు గేదెలకు కుడితి పోసే తొట్టి అనుకున్నారు.

చలికాలం మొదలు తొలకరి దాకా, గోదావరి తేటగా ఉన్నన్నాళ్లూ, తెల్లవారుతూనే ఆ పడవలో ఒక్కతే పోయి గాలంతో చేపలు పట్టేది. వల వేసేది కాదు, అమ్మేది కాదు. పై నుంచి ఎర్రటి కొత్తనీరు దిగగానే సీజను అయిపోయినట్టే. భద్రాచలం దగ్గర ప్రమాద హెచ్చరికలు వేసే నీళ్లలో సరదాకి దిగేంత తిక్క ఆమెకు లేదు. పడవ కడిగి, మేడ మీద బోర్లించి, మెట్లు దిగుతూ ఆ వానాకాలానికి ఒక లక్ష్యం పెట్టుకునేది.

ఎంత పెద్ద చేప, ఎంత దూరం అన్న లెక్క కాదది. ఆ సీజనంతా తను ఎవరెవరి మీద ఆధారపడిందో వాళ్లలోంచి ఒకరిని ఎంచుకుని, నది మళ్లీ తేటపడే లోపు వాళ్ల అవసరం లేకుండా చేసుకునేది. పక్క వీధిలోనే ఉంటాను కాబట్టి ప్రకటన నా దగ్గరే అయ్యేది. "ఈ వానాకాలం ఎవర్ని మానేద్దామే?" అని అడిగేది, షుగరొచ్చిన మనిషి అన్నం మానేద్దామా చపాతీ మానేద్దామా అన్నట్టు.

మొదట మానేసింది ట్రాలీ ఆటో డ్రైవరును. ఇంటి నుంచి రేవు దాకా పడవ మోసేవాడు. కిరాయికి ఆమె బాధపడలేదు, కిరాయితో పాటు వచ్చే సలహా భరించలేకపోయింది. గీ వయసుల ఇంట్ల కూసోక ఎందుకమ్మా అని రేవు దాకా చెప్తూనే ఉండేవాడు. ఆ వానాకాలం వెల్డింగ్ దుకాణం ముందు కుర్చీ వేసుకుని, పాత సైకిలు చక్రాలతో ఒక బండి చేయించుకుంది. నచ్చక విప్పించింది, మళ్లీ అతికించింది. వానలు వెలిశాక పడవ దానిమీద పెట్టి బజార్లో లాక్కుంటూ నడిచింది. టీకొట్టు దగ్గర ఎవడో, "ఏంది టీచరమ్మా, పాడె లెక్కుంది గదా" అన్నాడు.

"అవ్. జాగ ఉంది, ఎక్కుతవా?" అందామె, ఆగకుండానే.

మరుసటేడు జెల్ల చేప విడిపించే జాలర్ల వంతు. జెల్లకు రెక్కల దగ్గర ముల్లుంటుంది, గుచ్చుకుంటే పొద్దుగూకే దాకా చెయ్యి మండుతుంది. గాలానికి జెల్ల పడ్డప్పుడల్లా ఒడ్డుకొచ్చి ఎవరో ఒక జాలరిని పిలిచి విడిపించుకునేది. ఆ వానాకాలం మార్కెట్లో చేపలమ్మే ఒకావిడ పక్కన పోయి కూర్చుంది. ఆవిడ నేర్పుతూనే దెప్పేది. "మేము దీంట్లకెల్లి ఎప్పుడు బయటపడుదుమా అని చూస్తుంటె నువ్వు జొరబడతానికొచ్చినవ్. మా బిడ్డకు నీ నౌకరి ఇప్పియ్యి, నా పీట నీకిస్త" అనేది. టీచరు నవ్వేది. ఒకరోజు నేనూ అక్కడున్నాను. నాకు నవ్వు రాలేదు. నేను చేపలావిడ పక్షం.

ఆ రోజే ఆమె మొహం మీదే చెప్పాను, ఇది కడుపు నిండినవాళ్ల ఆట అని. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను. నేను పత్రికలకు రాసేది పోడు పట్టాల గురించి, బొగ్గు గనిలో కాంట్రాక్టు కూలీల గురించి. అడవి ఊళ్ల వాళ్లకు ఇప్పపువ్వు ఏరడం విహారం కాదు, జాలరికి గోదావరి ఆటస్థలం కాదు. భూములున్న ఇంట్లో పుట్టి, పెన్షను తీసుకుంటూ నదిలో ఆడుకోగలగడం ఒక హోదా. ఇదంతా చెప్తుంటే ఆమె ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని చల్లారేదాకా విన్నది.

"నిజమే, నా కడుపు నిండింది. కడుపు నిండిన మగోళ్లు కాలనీ క్లబ్బుల పొద్దంతా పేకాడుతరు. వాళ్ల మీద రాసినవా ఎప్పుడన్నా?"

రాయలేదు. పేకాట గురించి రాయడానికేముంది అన్నాను. అదే అంటున్న అని మూత కడుక్కుంది.

మూడో ఏడు నన్ను మానేసింది. అప్పటిదాకా సెలవు రోజుల్లో నేను రేవులో కూర్చునేదాన్ని. ఆమె పడవ బోల్తా పడితే కేకలేసి నలుగురినీ పిలవడం నా పని. అలాంటి అవసరం రాలేదు గానీ, నేనున్నానన్న ధైర్యం తనకుందనీ, ఆ ధైర్యం తనకు నచ్చడం లేదనీ చెప్పింది. కల్లూరు దగ్గర తమ్ముడికి మిరప, పత్తి చేలున్నాయి. వాళ్లది తాతల కాలంలో కోస్తా నుంచి వలసొచ్చిన కుటుంబం. చేను పక్కన కుంట వానకు నిండింది. లైఫ్ జాకెట్ వేసుకుని, ఆ కుంటలో కావాలని పడవ తిరగేసుకోవడం, నీళ్లలోంచే దాన్ని సరిచేసి మళ్లీ ఎక్కడం సాధన చేసింది. బురద నీళ్లు మింగింది, దగ్గింది, మళ్లీ తిరగేసింది. గట్టు మీద తమ్ముడు తల పట్టుకున్నాడు. "అక్కా, అందర్నీ ఇట్టా వదిలించుకుంటే రేపు నిన్ను మోయటానికి నలుగురుండొద్దా?" అని అరిచాడు.

"అప్పుడు నేనేమన్నా చూస్తానా? నువ్వే వెతుక్కో" అంది నీళ్లలోంచి.

నేను మాత్రం ఊరుకోలేదు. జీవితమంతా సంఘాలు కట్టమని చెప్పినదాన్ని. మనిషికి మనిషి అవసరం లేకుండా చేసుకోవడం స్వేచ్ఛ కాదు, ఎవరి బతుకు వాళ్లు చూసుకోవాలని వ్యాపార లోకం చెప్పే మాటే అది అన్నాను. చాలాసేపే అన్నాను. ఆమె చివరికి, "తోడు వేరు, అవసరం వేరు. నువ్వు రా, టీ తాగు, పో. నేను మునిగితే లేపుతవని మాత్రం రాకు. అయినా నీకు ఈత రాదు గదే" అంది. ఈత రాకపోవడానికీ నా సిద్ధాంతానికీ సంబంధం లేదని వాదించాను. ఇప్పుడూ లేదనే అంటాను.

పోయినేడు ఎండాకాలంలో ఆమెకు రొమ్ములో గడ్డ తేలింది. ఖమ్మంలో ఆపరేషన్ చేసి కుడివైపు రొమ్ము, చంకలో గడ్డలు తీసేశారు. చెయ్యి వాచింది. ఆ చేత్తో బరువెత్తొద్దు, గుంజొద్దు, దోమ కూడా కుట్టకుండా చూసుకోమని డాక్టరు చెప్పాడు. పడవకు రెండు చేతులూ కావాలి. గాలానికీ కావాలి. ఇక అయిపోయిందనుకున్నాం అందరం. కొందరి గొంతులో జాలితో పాటు ఒక నిమ్మళం కూడా వినిపించింది, తుంటరి ఆవు కట్టుకొయ్యకు వచ్చినట్టు.

గోదావరికి కొత్తనీరు దిగిన వారమే నేను పోయాను. ఆమె మంచం మీద, చెయ్యి కింద దిండు పెట్టుకుని ఉంది. పాత అలవాటుగా, ఈ వానాకాలం ఎవర్ని మానేస్తున్నరు టీచర్ అని అడిగాను.

"కుడి చెయ్యిని" అంది.

పొట్టి తెడ్డొకటి చేయించుకుంది. మేడ మీద వాన తెరిపిచ్చినప్పుడు బోర్లించిన పడవను వెల్లకిలా తిప్పించి, అందులో కూర్చుని ఎడం చేత్తో ఉత్తి గాల్లో తెడ్డేసేది. ఒకవైపే వేస్తే పడవ గుండ్రంగా తిరుగుతుంది. తెడ్డేసి చివర్లో కాస్త బయటికి నెడితే తిన్నగా పోతుంది. ఆ నెట్టుడు కోసం ఆ వానాకాలమంతా ఖర్చయింది. పడవను కల్లూరు కుంటకు పంపించి, అక్కడ నీళ్లలో నేర్చుకుంది. గాలం కర్ర నిలబెట్టడానికి పడవకు ఒక గొట్టం బిగించుకుంది. దారం ఒంటి చేత్తో చుట్టడం, ఎర పళ్లతో పట్టుకుని గుచ్చడం, అన్నీ. నాకు చూడబుద్ధి కాలేదు. వెళ్లేదాన్ని, చూసేదాన్ని, తిట్టుకుంటూ వచ్చేదాన్ని.

దీపావళి దాటి నది తేటపడే వేళకు తమ్ముడు పడవను పత్తి గోదాములో పెట్టి తాళం వేశాడు. అక్కతో గొడవ పడే ధైర్యం లేదు, చావనిచ్చే ధైర్యమూ లేదు. ఆమె నాకు ఫోన్ చేసింది. "పడవ తెస్తవా, లేకుంటే దీని మీద కూడా వ్యాసం రాస్తవా?"

ఆమె చేసేది తప్పనే నా అభిప్రాయం. అయినా పోయాను. తప్పు చేసే హక్కు మగవాళ్లకు పుట్టుకతో వస్తుంది, ఆడవాళ్లు దానికి కూడా పరీక్ష రాయాలా అన్నది నా వాదన, అదే తమ్ముడికి చెప్పాను. అతను సగం విన్నాడు. చిన్నప్పుడు తనను భుజాన ఎక్కించుకుని వాగు దాటించింది ఆమేననీ, తనకున్నది ఒక్క అక్క అనీ, నా ఉపన్యాసం అక్కడ పనికిరాదనీ అన్నాడు. నిజమే, పనికిరాలేదు. కాసేపు గోదాము అరుగు మీద కూర్చున్నాం. తర్వాత అతనే లేచి తాళం తీశాడు. "ఒడ్డున నిలబడతావుగా?" అని అడిగాడు. నిలబడనిస్తే నిలబడతానన్నాను. పడవ ముందు కొస అతను పట్టుకున్నాడు, వెనక కొస నేను.

ఆ తర్వాత ఆమె నాలుగైదు పొద్దులు నదికి పోయింది. మాఘం వచ్చేసరికి జబ్బు వెన్నులోకి పాకింది, ఇక మంచం దిగలేదు. తీసుకుపోయేది జబ్బేనని ఆమెకు తెలుసు, నది కాదని తమ్ముడికి ఇప్పుడు తెలిసింది. గెలిచిందా ఓడిందా అని వాట్సాప్ వాళ్లు తేల్చుకోనీ. నాకు మిగిలింది ఆ మొదటి పొద్దు.

చలిగా ఉంది. నీళ్ల మీద పొగమంచు. రేవులో నన్ను చూసి, "టీ తాగి పోతవా, ఉంటవా?" అంది. ఉంటానన్నాను. సరే అంది, అంతే. పడవ ఇసుక వదిలింది. మొదట వంకరగా పోయింది, ఒకసారి పూర్తిగా అడ్డం తిరిగింది. తెడ్డేసి చివర్లో బయటికి నెట్టింది, పడవ తిన్నగా సాగింది. నడి గోదాట్లో ఇసుక తిప్ప వెనక్కి పోయి కనిపించకుండా పోయింది. ఎంతసేపో చెప్పలేను. అవతలి గట్టు అడవిలో ఎవరో కట్టెలు కొడుతున్న చప్పుడు, కాసేపటికి అదీ ఆగింది.

తిప్ప దిగువ కొస నుంచి పడవ ముక్కు బయటికొచ్చింది. తెడ్డు ఒళ్లో ఉంది. పడవ తనంతట తను నీటి వాలుకు కదులుతోంది. చొక్కా చెయ్యి పైకి మడిచి, వాచిన కుడి చేతిని మోచేతి దాకా గోదాట్లో వదిలేసి కూర్చుంది, నా వైపు చూడకుండా. గొట్టంలో గాలం కర్ర వంగింది. ఎడం చెయ్యి తొందర లేకుండా దాని వైపు పోయింది. కుడి చెయ్యి నీళ్లలోనే ఉంది, పారే నీటికి వేళ్లు కొద్దికొద్దిగా కదులుతూ.