చెంచా నేర్పిన మాట

మా మామ ఇస్రాయేలుకు ఇంగ్లీషు రాదు. ఆయన బతికుండగా ఈ మాట అని ఉంటే నాకు ఆ పూట కూడు పుట్టేది కాదు. గద్వాల స్టేషను దగ్గరి సర్కారు బంగళాలో ముప్పై ఏళ్లు దొరలకు వండిపెట్టినందుకు ఆయన నోట ఓ యాభై అరవై ఇంగ్లీషు మాటలు తిరుగుతుండేవి. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం కాబట్టి, మా వాడకు ఆయనే పండితుడు.

కానీ ఒక్క మాట మాత్రం ఆయనకు నిజంగా వచ్చు. మిస్సింగ్. దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో ఆయనకు తెలిసినట్టు ఆ బంగళాలో దిగిన దొరల్లో సగం మందికి కూడా తెలియదని నా నమ్మకం. అలాంటి మనిషి చివరి రెండేళ్లు ఆ మాట ఎత్తలేదు. తువ్వాలు కనబడకపోయినా, కోడిగుడ్డు కనబడకపోయినా, "లేదు సార్" అని తెలుగులో చెప్పి ఊరుకునేవాడు. ముసలివాడయ్యాడు, మరిచిపోయాడు అనుకున్నారు అందరూ. నాకు తెలుసు ఎందుకో.

ఆ మాట ఆయనకు చెంపదెబ్బతోపాటు వచ్చింది. రైలు పని జరిగే రోజుల్లో ఒక ఇంజనీరు దొర పెళ్లాంతో సహా బంగళాలో ఆరేడు నెలలు ఉన్నాడట. మామ అప్పుడు కుర్రవాడు, బట్లరు కింద గిన్నెలు తోమేవాడు. ఒకరోజు వెండి చెంచా ఒకటి కనబడలేదు. దొర మామను లాగి కొట్టి ఠాణాకు కబురు పంపబోయాడు. ఆ కాలంలో మా వాడ మనిషి ఠాణాకు పోతే నడిచి ఇల్లు చేరడం అనుమానమే. అప్పుడు దొరసాని అడ్డం వచ్చిందట. "నేను దొంగతనం అనలేదు, మిస్సింగ్ అన్నాను. ఆ రెండూ ఒకటి కాదు" అని మొగుడికి పిల్లవాడికి చెప్పినట్టు చెప్పిందట. బట్లరు అదంతా తర్వాత మామకు తెలుగులో విప్పి చెప్పాడు. వస్తువు ఎక్కడో ఉంది, ఎక్కడ ఉందో మనకు తెలియదు, తెలిసేదాకా ఎవరూ ఏమీ అనకూడదు. అదీ మిస్సింగ్ అంటే.

నాలుగు నెలలకు ఆ చెంచా ఎంగిలి నీళ్లు పారే అరటిపాదులో దొరికింది. మామ దాన్ని బూడిదతో తోమి దొరసాని చేతిలో పెట్టి భోరున ఏడ్చాడట. ఒక మాట సరిగ్గా వాడినందువల్ల తన ప్రాణం నిలిచిందని ఆయనకు చచ్చేదాకా గురి.

నేను కోడలుగా వచ్చేనాటికి ఆ మాట మా ఇంట్లో ఉప్పుకన్నా ఎక్కువ ఖర్చవుతుండేది. "రూతమ్మా, నా చుట్ట మిస్సింగ్." "కోడిపెట్ట పొద్దటి సంది మిస్సింగ్, జర చూడుండ్రి." వాడంతా పట్టుకుంది. ఆడవాళ్లు బావి దగ్గర తాడు మిస్సింగ్ అని, పిల్లలు గోలీ మిస్సింగ్ అని. తప్పుగా వాడితే మాత్రం ఆయన ఊరుకునేవాడు కాదు. ఒకసారి నా చేతిలోంచి జారి కుండ పగిలింది. భయపడి, కుండ మిస్సింగ్ అన్నాను. ఆయన పెరట్లోకి పోయి పెంకులు ఏరుకొచ్చి నా ముందు పోశాడు.

"పగిలింది మిస్సింగ్ ఎట్లయితదే? యాడున్నదో తెల్సినంక అది మిస్సింగ్ గాదు!"

మా ఆయన రైలు పట్టాల గ్యాంగులో పనిచేసేవాడు, వారానికోసారి వచ్చేవాడు. నేను బంగళాలో మసాలాలు నూరుతూ, గిన్నెలు తోముతూ మామ వెంటే ఉండేదాన్ని. మా పక్క గుడిసె ఈదమ్మది. ఆమెకు ఒక్కడే కొడుకు, బాలయ్య. వరుసగా రెండేళ్లు జొన్న ఎండిపోయేసరికి, స్టేషను దగ్గర బూట్లు, కంబళి ఇచ్చి మనుషుల్ని యుద్ధం పనికి తీసుకుపోతుంటే వాడూ రైలెక్కాడు. తుపాకీ పట్టడానికి కాదు, రోడ్లు వేయడానికి, మూటలు మోయడానికి. బర్మా అన్నారు. ఇంట్లో తల్లీ, పెళ్లాం జమ్ములమ్మా మిగిలారు.

నలభై రెండులో, వానలు పట్టిన రోజుల్లో కాగితం వచ్చింది. ఇంగ్లీషు అచ్చు. తెచ్చిన టపా మనిషి చదవలేడు, పట్వారీకి ఉర్దూ తప్ప రాదు. అయినా యుద్ధం నుంచి వచ్చిన కాగితంలో ఏముంటుందో చదవాలా ఏమిటి? ఈదమ్మ నేల మీద పడి పొర్లింది. ఆడవాళ్లు జమ్ములమ్మ రెండు చేతులూ పట్టుకుని గాజులు పగలగొట్టడానికి బావి దగ్గరకు నడిపిస్తున్నారు. దానికి అప్పుడు పంతొమ్మిదేళ్లు. ఏడవడం కూడా మరిచిపోయి వాళ్లు లాగినవైపు పోతోంది.

మామ బంగళా నుంచి తెల్లకోటుతోనే పరుగెత్తుకొచ్చాడు. కాగితం లాక్కుని అక్షరం మీద అక్షరం వేలుపెట్టి చూశాడు. బంగళా సామాను పట్టీలో ఏళ్లుగా చూస్తున్న మాటే అది.

"ఆగుండ్రి! ఎవ్వలన్నరు సచ్చిండని? గట్ల రాయలే గిండ్ల. మిస్సింగ్ అని రాసిండ్రు!"

"అంటే ఏందన్నా?" అంది ఈదమ్మ, నేల మీద నుంచే.

"యాడనో ఉన్నడు ఈదమ్మా. యాడున్నడో సర్కారుకు తెల్వదు. తెలిసేదాక ఎవ్వలు ఏం అనొద్దు."

ఆడవాళ్లు జమ్ములమ్మ చేతులు వదిలేశారు. ఆ పూట మా మామను చూసి నేనూ గర్వపడ్డాను, దాచుకోవడం ఎందుకు. తర్వాత మా ఆయనతో మాత్రం, "పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమా, చెంచాకూ మనిషికీ ఒకటే మాటా?" అన్నాను. కానీ మామ చెప్పింది తప్పు కాదు. కాగితంలో ఉన్నదే చెప్పాడు. ఆ రోజుకు ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. నా కోపం తర్వాతి దాని మీద.

మా దగ్గర పెత్రమాస నాడు పోయినవాళ్ల పేరున విస్తరి వేసి, ఇష్టమైనవి వండిపెడతారు. మేం ఏసుప్రభువు వాళ్లం, మాకు లేదు. ఈదమ్మకు ఉంది. ఆ నాడు పొద్దున్నే వచ్చి గడప అవతల నిలబడేది.

"అన్నా, పోరనికి విస్తరి ఎయ్యనా?"

"ఉన్న మనిషికి విస్తరి ఏందమ్మా? మిస్సింగ్ అని చెప్పలేదా?"

"అదే, అదే. కృష్ణల ఈతగొట్టిన పోరడు, యాడికి పోతడు?" అని నవ్వుకుంటూ పోయేది. ఇలా నాలుగు పెత్రమాసలు గడిచాయి. యుద్ధం కూడా అయిపోయింది.

జమ్ములమ్మ ఏమీ అడిగేది కాదు. గాజులు చిట్లితే కొత్తవి వేసుకునేది, అంతే. మా వాడలో మారుమనువు తప్పు కాదు. మొగుడు పోయినవాళ్లు మరొకరిని చేసుకుని పిల్లాపాపలతో చల్లగా ఉన్నారు. పోయాడని తేలాలి, అదొక్కటే. మా వాడలోని జంగమ్మ తమ్ముడు శంకరయ్య కొల్లాపూరు మామిడితోటల్లో కావలి ఉండేవాడు. పెళ్లాం చనిపోయింది. అక్క ఇంటికి వచ్చినప్పుడు జమ్ములమ్మను చూశాడు. రెండుసార్లు అడిగించాడు. నెమ్మదస్తుడు, తాగడు.

ఒకనాడు నాతో కలిసి కారం దంచుతూ జమ్ములమ్మ అంది. "మనిషి మంచోడే అక్కా. మాట గూడ మంచిగున్నది. కని మా ఇంటాయన మిస్సింగ్ గద." రోకలి ఆపి, "ఉగాది దాక చూస్త అన్నడంట" అంది. దాని ముఖం చూసిన నాకు దాని మనసు తెలియదని ఎలా అంటాను?

ఆ పుష్యమాసంలోనే వీపనగండ్ల భీమయ్య రైలు దిగి, ట్రంకుపెట్టెతో నేరుగా బంగళా వంటింటికి వచ్చాడు. బాలయ్యతో కలిసి పోయినవాడు. నేను తలుపు వెనకాల నూరుతున్నాను. మామ చాయ ఇచ్చాడు. భీమయ్య తాగలేదు.

"బాలయ్య లేడు పెద్దయ్యా. బర్మా నుంచి ఎనకకు వచ్చేటప్పుడు పెద్ద ఏరు అడ్డమొచ్చింది. తెప్ప బోర్లపడ్డది. మూడు దినాలకు ఒడ్డుకు కొట్టుకొచ్చిండు. ఈ చేతులతోనే మన్ను చేసిన. ఆ వానల కాయితం రాసే దొర ఎవడు మా ఎంట లేకుండె."

మామ చేతిలోని గరిటె పొయ్యి గట్టున పెట్టాడు.

"ఆ ముసలమ్మ మొకం నేను చూడలేను. నువ్వే చెప్పు. నీ మాట అయితే ఇంటది" అని భీమయ్య పెట్టె ఎత్తుకుని పోయాడు. సాయంత్రానికి పుట్టిలో కృష్ణ దాటి తన ఊరు చేరి ఉంటాడు. ఆ రోజు దొరల కూర మాడిపోయింది. అలా మాడడం నేనెరిగి అదే మొదలు.

"ముసల్దానికి జరమొచ్చింది, తగ్గినంక చెప్త" అన్నాడు మామ నాతో. జ్వరం తగ్గింది. శివరాత్రి పోనీ అన్నాడు. మిరప ఏరుడు అయిపోనీ అన్నాడు. వాడలో ఎవరైనా మేక మిస్సింగ్ అంటే తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని పోయేవాడు. ఉగాది నాలుగు రోజులు ఉందనగా నేనే కదిలించాను.

"శంకరయ్య ఉగాది దాకనే అన్నడు మామా."

"నోరు మూస్కో! నాలుగేండ్లు ఆ తల్లి నా మాట మీద బతికింది. ఈ నోటితోనే ఆమెకు ఎట్ల చెప్పాలె?"

మూసుకున్నాను. నాకూ నాలుక ఉంది, వాడలో దాని పదును తెలియనివాళ్లు లేరు. రెండంగల దూరంలో ఉన్న గుడిసెకు పోయి నాలుగు ముక్కలు చెప్పలేకపోయాను. మామ పరువు పోతుందనుకున్నాను. పెద్దవాళ్ల పని మనకెందుకు అనుకున్నాను. పిరికిదానికి సాకులు కరువా?

ఉగాది అయిపోయింది. వైశాఖంలో శంకరయ్య కొల్లాపూరులోనే ఒకామెను చేసుకున్నాడు. జంగమ్మ వచ్చి బావి దగ్గర అందరికీ చెప్పింది. జమ్ములమ్మ వింటూనే చేదతో నీళ్లు తోడింది. కుండ నిండినా తోడుతూనే ఉంది.

ఆ ఏటి పెత్రమాస నాడు ఈదమ్మ మా ఇంటికి రాలేదు. కాళ్లు వాచి లేవలేకపోయింది. మామే పోయాడు, నేను వెనకాల పోయాను. లోపల అన్నం, గోంగూర పప్పు, బాలయ్యకు ఇష్టమైన ఎండుచేప పులుసు ఉన్నాయి. ఈదమ్మ మొగుడి పేరున ఒక విస్తరి పరిచి ఉంది. ఇంకొకటి ఆమె చేతిలో ఉంది.

"అన్నా, ఈ ఏడు గూడ వద్దా?"

మామ ఆమె చేతిలోంచి ఆ విస్తరి తీసుకుని, రెండు చేతులతో మొదటి విస్తరి పక్కన పరిచాడు.

"ఎయ్యి ఈదమ్మా" అన్నాడు. తర్వాత భీమయ్య చెప్పిందంతా, ఏరు, తెప్ప, మన్ను, ఒక్కటి వదలకుండా చెప్పాడు. భీమయ్య తనకు ఎప్పుడు చెప్పాడో కూడా చెప్పాడు. పోయిన పుష్యంలో అన్నాడు. అది దాచలేదు, అంతవరకు మెచ్చుకోవాలి.

ఈదమ్మ ఏడుపు విని వాడంతా వచ్చింది. జమ్ములమ్మ మాత్రం పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. ముందు నావైపు చూసింది.

"నీకు గూడ తెల్సా అక్కా?"

నేను నేలచూపులు చూశాను. నా జన్మలో నేను అంత సిగ్గుపడింది లేదు. అప్పుడు మామవైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"శంకరయ్య గూడ మిస్సింగేనా మామా?"

ఆ ఒక్కసారికైనా తప్పు చెప్పి ఉండవచ్చు. అవును బిడ్డా అని ఉంటే ఎవరు కాదనేవారు? కానీ ఆ మాటను తప్పుగా వాడడం ఆయనకు చేతకాదు. కోటు అంచు నలిపాడు.

"గాదు బిడ్డా. ఆయన యాడున్నడో మనకు తెల్సు."

జమ్ములమ్మ చెయ్యి పొయ్యి గట్టుకేసి కొట్టి గాజులు తనే పగలగొట్టుకుంది. తర్వాత లేచి, పులుసు కుండ తెచ్చుకుని రెండో విస్తరి ముందు కూర్చుని, మొగుడికి అన్నం వడ్డించింది.