కేసముద్రం పోయేటప్పుడు పడని మూడో గేరు

ముందుగా గూడూరు నుంచి తొర్రూరు దాకా ఉన్న యావన్మంది మెకానిక్ అన్నలకు సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్న... మీ విద్యలకు ఇయ్యాల చెప్పుల కాళ్లతోని జొరబడుతున్న. నేను మెకానికల్ ఇంజనీరింగ్ సదువుకున్నోణ్ణి. అంటే, బండి ఆగిపోతే దిగి, నడుం మీద చేతులు పెట్టుకొని దాని దిక్కు చూసుడు వరకు నాకు పట్టా ఉన్నది. అయినా గేరు పడకపోవుడు మీద నాలుగు ముక్కలు రాయక తప్పుత లేదు. మన్నించుండ్రి. మన్నియ్యకున్నా ఫరక్ లేదు.

మేం చిన్నగున్నప్పుడు... గూడూరు పక్కన మా ఊర్లె నాయినకు ఒక పాత బండి ఉండె. నెల మారిందంటే ఆ బండి మీద అవ్వ కేసముద్రం పోయేది. అవ్వ అంటే నాయినను కన్న తల్లి. ఒక నెల మా ఇంట్ల, ఒక నెల కేసముద్రంల చిన్నాయిన ఇంట్ల... వంతు. పొలానికి నీళ్ల వంతు ఉన్నట్టే, అన్నదమ్ములకు అవ్వ వంతు. ఎవ్వలూ చెడ్డోళ్లు కాదు. మా దిక్కు చానా ఇండ్లల్ల గట్లనే ఉండె.

నేను ముందర టాంకీ మీద. నడిపేది నాయిన. ఆయన వెనుక అవ్వ, ఒక పక్కకు కూసొని, ఒళ్లె బట్టల మూట. మూటల ఆమె అన్నం తినే సత్తు తలె. అవ్వ ఏ ఇంటికి పోతే ఆ తలె గూడ ఆ ఇంటికే పోయేది.

ఊరు దాటినంక నాయిన మూడో గేరు ఏసేటోడు. జరంత దూరం పోంగనే టక్కుమని రెండో గేరుకు పడేది. మళ్ల తొక్కితే పడది... బండరాయి మీద కాలేసి తొక్కినట్టే. ఇంజను బర్రె లెక్క అరుసుకుంట, మేం సైకిలోళ్లతోని సమానంగ పోయేటోళ్లం.

"నిమ్మలంగ పోనియ్ కొడుకా... ఆడ నాకేమన్న పెండ్లున్నదా?" అనేది అవ్వ.

మా ఊరి మెకానిక్ యాకూబ్ భాయ్ క్లచ్ తీగ బిగిచ్చిండు. ఇంజనాయిల్ మార్చిండు. ఆఖరికి క్లచ్ ప్లేట్లు గూడ ఏసిండు. ఏసినప్పుడల్లా ఒక రౌండు కొట్టొచ్చి, "అన్నా, బండి బంగారం లెక్కున్నది" అనేటోడు.

"మరి కేసముద్రం పోతుంటే పడుత లేదు గద భాయ్!"

"ఎప్పుడు? ఇంజను వేడెక్కినంకనా?"

"కాదు, ఊరు దాటంగనే."

"బరువుంటేనా?"

"మా అవ్వ ఎక్కితేనే. కోడిపిల్లంత మనిషి, ఆమె బరువేంది భాయ్?"

"మరి ఆమెను మళ్ల తోలుకొచ్చేటప్పుడు?"

"వచ్చేటప్పుడు... మంచిగనే పడుతది."

యాకూబ్ భాయ్ చేతిల పాన గుడ్డతోని తుడుచుకుంట బండి సుట్టు ఒక రౌండు తిరిగిండు. "అయితే ఇంకేంది అన్నా... కేసముద్రం దిక్కు రోడ్డు ఎత్తున్నది," అని తేల్చి చెప్పిండు.

నాలుగేండ్లు సదివిన ఇంజనీరుగ చెప్తున్న... ఇంత పక్కా నిర్ధారణ నేను మళ్ల ఏ ల్యాబుల చూడలే.

ఒకపారి పోతా ఉంటే టాంకీ మీదికెల్లి ఒంగి కిందికి చూసిన. మా బండి గేరు రాడ్డుకు రెండు దిక్కులుండె. ముందటిది వేళ్లతోని తొక్కితే గేరు పెరుగుతది, వెనుకది మడిమెతోని తొక్కితే తగ్గుతది. ఆ వెనుక దిక్కు మీద ఒక కాలున్నది. నాయినది కాదు. పగిలిన మడిమె, వెండి కడెం.

తక్కెడల ఒక పళ్లాన్ని ఒత్తి పట్టుకుంటే రెండోది యాడ దిగుతది? అవ్వ కాలు సాపి, గట్టిగ తొక్కిపట్టి, మొకం మాత్రం పత్తి చేన్ల దిక్కు పెట్టి కూసున్నది. ఏ పాపం ఎరగనట్టు.

నన్ను చూసింది. నవ్వలే. కొంగు నోట్లె పెట్టుకున్నది.

గని వీడేం చూస్తున్నడా అని నాయిన గూడ కిందికి చూసిండు. చూసి, మళ్ల రోడ్డు దిక్కు చూసిండు. "కాలు తియ్యే అవ్వా" అంటడనుకున్న... అనలే. బండి మా ఇంటి దిక్కు మలుపుతడనుకున్న... మలపలే. రెండో గేరులనే కేసముద్రం పోయి, ఆమెను దించి, మూట చేతికిచ్చిండు.

ఆ తర్వాత బండిని యాకూబ్ భాయ్ తానికి తీస్కపోలే. ఎవలన్న అడిగితే, "రోడ్డు ఎత్తున్నది" అనేటోడు.

నేను తొమ్మిదో తరగతిల ఉండంగ, చిన్నాయిన వంతు నెలల, కేసముద్రంలనే అవ్వ పానం ఇడిసింది. కార్యం మా ఊర్లెనే చెయ్యాలన్నరు. ముందట వ్యానుల అవ్వ, చిన్నాయినోళ్లు. వెనుక బండి మీద నాయిన, ఆయన వెనుక నేను. ఒళ్లె మూట.

నాకు ఏడుపు రాలే. మార్కెటుకు పోయే వడ్ల ట్రాక్టర్లు ఎదురొస్తున్నయ్. పత్తి చేన్లు పత్తి చేన్ల లెక్కనే ఉన్నయ్. మూటల తలె గుంతకొకసారి మోగుతున్నది. ఇగ గంతే.

ఊరు దగ్గరికొస్తుంటే బండి టక్కుమని రెండో గేరుకు పడ్డది. వచ్చేటప్పుడు ఎన్నడూ అట్ల కాలే. నాయిన ఒకపారి ముందుకు తొక్కి చూసిండు. పడలే. మళ్ల తొక్కలే. వ్యాను మూల తిరిగి కనవడకుండ పోయింది. మేం నిమ్మలంగ పోయినం.

ఇప్పుడు నాకు గేర్లు లేని స్కూటర్ ఉన్నది. చెయ్యి తిప్పితే సాలు... యాడికైనా ఎంత జల్ది చేరిపోతమో. మీ ఇండ్లల్ల గూడ వంతుల మీద తిరిగిన అవ్వ, తాత ఉండి ఉంటరు. వాళ్ల మూటల ఏముండెనో కింద రాయుండ్రి... చదువుకుంట.

మెకానిక్ అన్నలకు మొదట చెప్పిన క్షమాపణ ఉత్తదే. మీ విద్య జోలికి నేను రాలే. నేను చేసింది ఒక్కటే...

ఆ దినం గేరు వెనుక దిక్కు మీద ఉన్న కాలు నాది.