వెనక బెంచీ లీలావతి టీచరు

లీలావతి టీచరు గారిని ఎరగని సైన్సు మాస్టారు అమలాపురం చుట్టుపక్కల హైస్కూళ్ళలో ఒక్కరూ ఉండరు. ఎరిగినవాళ్ళలో సగంమంది ఫోన్లో ఆవిడ పేరు కనిపించగానే చెమటలు తుడుచుకుంటారు. అలాగని ఆవిడ తిట్టదు, ఎవరిమీదా పై అధికారులకి రాయదు. ఒక్కటే అడుగుతుంది: "ఎనిమిదో క్లాసు కౌమారదశ పాఠం ఎంతవరకు వచ్చిందండీ?" అంతే, అవతలివాళ్ళు నీళ్ళు నమలడం మొదలుపెడతారు.

ఆ పాఠం సంగతే అంత. కణాల గురించి వారం రోజులు చెప్పే మాస్టారు, సూక్ష్మజీవుల గురించి బొమ్మలు వేసి మరీ చెప్పే మేడమ్, ఇది వచ్చేసరికి పేజీలన్నీ ఒక్కసారిగా తిప్పేసి "ఇది ఇంటి దగ్గర చదువుకోండర్రా" అనేస్తారు. ఇంటి దగ్గర అడిగితే "స్కూల్లో చెప్తార్లే, ఫో" అంటారు. ఇంటికీ బడికీ మధ్య ఆ పాఠం ఎన్నేళ్ళనుంచో రోడ్డున పడి ఉంది. దాంతోపాటు పిల్లలూ పడి ఉన్నారు.

లీలావతి గారూ ఆ పేజీలు తిప్పేసిన మనిషే. పి.గన్నవరం తోటల్లో కొబ్బరికాయలు వలిచిన ఇస్సాకు గారి కూతురు, మిషన్ బళ్ళో చదువుకుని ఇరవై నాలుగేళ్ళకే బయాలజీ టీచరైంది. మొదటి తొమ్మిదేళ్ళూ ఆ పాఠం చెప్పనేలేదు. ఇప్పుడు టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు ముందుగా ఒప్పుకునేది అదే. "నేనూ దొంగనేనండీ. తొమ్మిదేళ్ళు ఎగ్గొట్టేను. అందుకే మీరెలా ఎగ్గొడతారో నాకు బాగా తెలుసు" అంటుంది. హాలంతా నవ్వుతుంది. కొందరు తలొంచుకుంటారు.

ఈ పాఠం చెప్పడంలో టీచర్లకి సాయం చెయ్యమని డిపార్టుమెంటు వాళ్ళు ఆవిడకి పని అప్పగించినప్పుడు ఆవిడ పప్పులో కాలేసింది. టీచర్లకి సాయం చెయ్యమంటే తనే వెళ్ళి పాఠం చెప్పేసింది. రెండేళ్ళపాటు స్కూలు తర్వాత స్కూలు. ఆవిడ లోపల చెప్తుంటే అక్కడి టీచర్లు వరండాలో టీ తాగేవారు. చివర్న చప్పట్లు, శాలువా, ఫొటో. అందరికీ సుఖంగా ఉండేది, ఆవిడకి మరీను.

ఆ సుఖం రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో తీరిపోయింది. రెండో ఏడు వెళ్ళినప్పుడు గేటు దగ్గరే ఒక పిల్ల ఎదురొచ్చింది.

"మీరు మళ్ళీ వస్తారని చూస్తన్నానండీ" అంది.

నెలనెలా కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతోందట. మందు వేసుకోవచ్చో లేదో అడగాలట. పదకొండు నెలలు ఆగిందట.

"మీ టీచరు గారిని అడక్కపోయావామ్మా?"

"ఆ పాఠం చెప్పేటప్పుడు ఆవిడ బయటికెళ్ళిపోయేరు కదండీ. ఆవిణ్ణి అడక్కూడదేమో అనుకున్నానండీ."

ఆ రోజు లీలావతి గారు బస్సులో ఇంటికొస్తూ ఏడ్చింది. పిల్లకి నొప్పి పెట్టింది పదకొండు నెలలైతే, అందులో తన వాటా ఎంతో ఆవిడకి స్పష్టంగా తెలిసింది. టీచరు బయటికి వెళ్ళడానికి వీలుగా తలుపు తీసి పెట్టింది తనే. ఆ తర్వాత ఆవిడ ఏ స్కూల్లోనూ ఆ పాఠం చెప్పలేదు. ముందు టీచర్ని కూర్చోబెట్టి తయారుచేస్తుంది, పాఠం రోజు వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంటుంది. పైకప్పు విరిగి మీద పడినా నోరు విప్పదు.

ఆ తయారుచెయ్యడం కూడా ఆవిడ పద్ధతిలోనే ఉంటుంది. గుండె, కాలేయం, గర్భాశయం, ఊపిరితిత్తులు, అండాశయం, మూత్రపిండాలు, వృషణాలు, ఇలా అన్నీ కలిపి ఒకే గొంతుతో చదివిస్తుంది. గర్భాశయం దగ్గర గొంతు తగ్గిందా, మళ్ళీ గుండె దగ్గర్నుంచి మొదలు. యాభై దాటిన పెద్ద మాస్టార్లు కూడా మూడు నాలుగుసార్లు గుండె దగ్గరికి వెనక్కి వచ్చినవాళ్ళే.

మొన్న జులైలో కొత్తపేట దగ్గర ఒక ఊరి హైస్కూలు నుంచి ఆవిడకి పిలుపొచ్చింది. అక్కడి బయాలజీ మేడమ్ కాన్పు సెలవులో ఉంది. పాఠం చెప్పాల్సిన భారం ఫిజిక్సు మాస్టారి మీద పడింది. పేరు వీరవెంకటరమణ, ఇరవై తొమ్మిదేళ్ళు, పెళ్ళి కాలేదు. కరెంటు గురించి చెప్పమంటే గంటసేపు ఆగని మనిషి, ఈ పాఠం పేరు చెప్పగానే గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఆగిపోయాడు.

"వచ్చే ఆదివారం ముమ్మిడివరంలో పెళ్ళిచూపులండీ మేడమ్ గారూ. ఈ పాఠం చెప్పేనని తెలిస్తే నాకు పిల్లనిస్తారాండీ?"

"చెప్పకుండా పారిపోయేరని తెలిస్తే ఆ పిల్లే వద్దంటాది. కూచోండి. గుండె, కాలేయం..."

మూడు సాయంత్రాలు స్టాఫ్ రూములో కూర్చోబెట్టింది. రెండో రోజుకి గొంతు నిలబడింది. మూడో రోజుకి బోర్డు మీద గర్భాశయం బొమ్మ వెయ్యడం వచ్చింది. పూతరేకుల అట్టపెట్టెకి చిన్న కంత పెట్టి, ఎనిమిదో క్లాసు కిటికీలో ఉంచారు. పేర్లు రాయకుండా ప్రశ్నలు చీటీల మీద రాసి వెయ్యమన్నారు. "మీ చీటీ నేను తప్ప ఎవరూ చూడరు" అని రమణ పిల్లలకి మాటిచ్చాడు.

అంతా కుదిరిందనుకుంటుంటే శుక్రవారం పేరెంట్స్ కమిటీ చైర్మన్ బంగారరాజు గారు హెడ్మాస్టరు గదిలోకి వచ్చి కూర్చున్నారు. ఊళ్ళో పదెకరాల కొబ్బరితోట, గట్టి గొంతు. ఆయన కూతురు విజయదుర్గ ఆ ఎనిమిదో క్లాసులోనే చదువుతోంది.

"ఆడపిల్లలకి మగమాస్టారు ఇయ్యన్నీ చెప్పడమేటండీ? బాగోదు. పోనీ టీచరు గారు చెప్పెయ్యండి. మీరు పెద్దవారు, మాకేం అభ్యంతరం లేదు" అన్నారు లీలావతి గారితో.

హెడ్మాస్టరు గారి మొహం వెలిగింది. రమణ మొహం ఇంకా ఎక్కువ వెలిగింది.

"నేను చెప్పి బస్సెక్కేస్తానండీ రాజుగారూ. సోమవారం నాడు పిల్లకి అనుమానమొస్తే నాకోసం పి.గన్నవరం వస్తాదా? మాస్టారైతే ఇక్కడే ఉంటారు" అంది లీలావతి గారు. "ఒక పని చెయ్యండి. రేపు మీరూ వచ్చి నా పక్కన కూచోండి. తప్పుమాట ఒక్కటి వినిపించినా అక్కడికక్కడే ఆపించెయ్యండి."

"ఆయ్, వస్తానండీ" అన్నారాయన, గెలిచినట్టుగా.

ఆయన వెళ్ళాక హెడ్మాస్టరు గారు తలుపు దగ్గరగా వేసి అన్నారు: "మేడమ్ గారూ, రేపు ఆయన కంప్లైంటు రాస్తే ఈ పాఠం నా స్కూల్లో మళ్ళీ ఉండదండీ. రమణ గారి మీద కూడా పైకి రాయక తప్పదు నాకు. కొత్త ఉద్యోగం, చూసుకోండి."

లీలావతి గారు ధీమాగానే నవ్వింది. ఆవిడ ధీమాకి ఒక లోపం ఉంది, అన్నీ లెక్కేసుకున్నాననుకుంటుంది. చీటీలు అప్పటికే పెట్టెలో పడిపోయాయనీ, అవి రాసినప్పుడు పిల్లలకి రాజుగారు వచ్చి కూర్చుంటారని తెలియదనీ ఆవిడకి తట్టలేదు.

శనివారం రెండో పీరియడ్. రమణ మొదటి ఐదు నిమిషాలు సుద్దముక్కతో కుస్తీ పట్టాడు. తర్వాత దారిలో పడ్డాడు. అబ్బాయిల గొంతు ఎందుకు మారుతుందో చెప్పాడు, ఎవరి శరీరాన్నీ వాళ్ళ ఇష్టం లేకుండా ఎవరూ ముట్టుకోకూడదని చెప్పాడు. నవ్విన కుర్రాళ్ళని కోప్పడకుండా, నవ్వు అయ్యేదాకా ఆగి మళ్ళీ అదే మాట అదే గొంతుతో చెప్పాడు. రెండోసారి ఎవరూ నవ్వలేదు. బంగారరాజు గారు చేతులు కట్టుకుని వింటున్నారు. తప్పుమాట దొరకలేదు.

అప్పుడు పెట్టె తెరిచాడు. నాలుగైదు చీటీలకి చకచకా జవాబులు చెప్పాడు. తర్వాతి చీటీ విప్పి పైకి చదివాడు.

"మాస్టారూ, నాకు ఫంక్షన్ చేశారు. జంక్షన్‌లో నా ఫొటోతో ఫ్లెక్సీ పెట్టారు. ఊరంతా వచ్చి అక్షింతలు వేశారు. ఫంక్షన్ అయిపోయింది కదా, మళ్ళీ రక్తం ఎందుకు వచ్చింది? నాకు ఏదైనా జబ్బా? ఇంట్లో చెప్తే భయపడతారా?"

బంగారరాజు గారి చేతులు విడిపోయాయి. కూతురు పెద్దమనిషైందని కిందటి నెలలోనే ఆయన ఘనంగా వేడుక చేశారు. మూడో వరసలో విజయదుర్గ తల పుస్తకంలోకి దూరిపోయింది. ఆ తండ్రిని తెచ్చి కూర్చోబెట్టింది తనేనని లీలావతి గారికి అప్పుడు తట్టింది.

రమణ చీటీ పట్టుకుని వెనక బెంచీ వైపు చూశాడు. అది సాయమడిగే చూపు. లీలావతి గారి నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది, ఏళ్ళ తరబడి కొట్టిన పిండి. ఒక్కసారి లేచి నిలబడితే మాస్టారూ బయటపడతాడు, పిల్లా బయటపడుతుంది, తనూ బయటపడుతుంది. పక్కనుంచి రాజుగారు "చెప్పండి టీచరు గారూ" అని గొణిగారు కూడా. ఆవిడ బెంచీ అంచు రెండు చేతులతో పట్టుకుని కిందికి చూస్తూ కూర్చుంది. ఆ అర నిమిషం ఆవిడకి ఎంత కష్టమైందో చూసినవాళ్ళకెవరికీ తెలియదు.

రమణ పెట్టెలో మిగిలిన చీటీలు గబగబా విప్పి చూసుకున్నాడు.

"ఈ ప్రశ్న ఒక్క చీటీలో కాదు, నాలుగు చీటీల్లో ఉంది" అన్నాడు. "మన క్లాసులో చాలామందికి ఫంక్షన్లయ్యేయి, అందరికీ ఈ అనుమానం ఉంటాది. మంచి ప్రశ్న. వినండి, అబ్బాయిలూ మీరు కూడా."

బొమ్మ దగ్గరికి వెళ్ళాడు. గర్భాశయం లోపల మెత్తని పొర ప్రతి నెలా తయారవుతుందని, గర్భం రానప్పుడు ఆ పొర అక్కర్లేక రక్తంతో కలిసి బయటికి వచ్చేస్తుందని, మళ్ళీ కొత్తది తయారవుతుందని చెప్పాడు. మొదటి ఏడాది రెండేళ్ళు నెలలు అటూ ఇటూ అవుతాయి, తర్వాత కుదురుకుంటాయి, సుమారు యాభై ఏళ్ళ వరకూ ఇది నడుస్తుంది అన్నాడు. "జబ్బు కాదమ్మా. ఒళ్ళు బాగా పనిచేస్తుందని గుర్తు. మరీ ఎక్కువ పోయినా, నొప్పి ఓర్చుకోలేకపోయినా నాతో చెప్పండి, ఏఎన్ఎమ్ నర్సు గారి దగ్గరికి నేను పంపిస్తాను. ఇంట్లో చెప్పండి. భయపడరు. భయపడినా చెప్పండి."

బెల్లు కొట్టారు. పిల్లలు బయటికి వెళ్ళిపోయారు. హెడ్మాస్టరు గారు గుమ్మంలోకి వచ్చి ఎవరి మొహం చూడాలో తెలియక ఆగిపోయారు. బంగారరాజు గారు లేచి టేబుల్ దగ్గరికి నడిచారు.

"మాస్టారూ, ఆ చీటీ ఓసారి ఇలా ఇవ్వండి. మా అమ్మాయి రాతేనో కాదో చూస్తాను."

రమణ చీటీలన్నీ పోగుచేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇవ్వలేనండీ. పిల్లలకి మాటిచ్చేను."

"నేను దాని తండ్రినండీ!"

"ఆయ్, తెలుసండీ. ఎవరికీ చూపించనన్నాను. లీలావతి మేడమ్ గారు అడిగినా చూపించనండీ."

వెనక బెంచీలో లీలావతి గారి కళ్ళు చెమర్చాయి. ఇంత మాట ఆవిడ నేర్పలేదు. హెడ్మాస్టరు గారు "రమణ గారూ..." అని ఏదో అనబోయారు. రాజుగారు చెయ్యెత్తి ఆపారు.

"నాలుగు చీటీలన్నారు. ఆ పిల్లని కాపాడ్డానికన్నారా, నిజమేనాండీ?"

"నిజం కాదండీ" అన్నాడు రమణ. "ఆరున్నాయి. మీరు కూచున్నారని భయపడి తగ్గించి చెప్పేను."

బంగారరాజు గారు ముందు బెంచీలో, పిల్లలు కూర్చునే చోట, కూలబడ్డారు. అంత మనిషికి ఆ బెంచీ చాలలేదు. బోర్డు మీది బొమ్మ వంక చూశారు.

"తాటాకు చాప మీద కూచోబెట్టి నువ్వుల చిమ్మిలి పెట్టేమండీ" అన్నారు. "వీడియో తీయించేం. ఆ తొమ్మిది రోజులూ అది ఏడుస్తానే ఉంది. సిగ్గుపడతందనుకుని నవ్వుకున్నాం అందరం."



ఆయన తల తిప్పారు. "ఇప్పుడు ఇంటికెళ్ళి దానితో ఏమని మొదలెట్టాలో చెప్పండి" అని అడిగారు. అడిగింది లీలావతి గారిని కాదు, రమణని.

రమణ వెనక బెంచీ వైపు చూడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని రాజుగారి ఎదురుగా కూర్చున్నాడు.