వెతకడానికి ఉంచిన డీజిల్

సంతబొమ్మాళి దాటాక, సముద్రం ఒడ్డున ఓ మత్స్యకారుల ఊళ్లో నా కారులో డీజిల్ అడుగంటింది. వలల పాకలో నిండు డీజిల్ డబ్బా కనిపిస్తే, బంకు ధరకు రెట్టింపు ఇస్తానని అక్కడ కూర్చున్న పెద్దాయన్ని అడిగాను.

"అమ్మేది కాదు బాబూ. ఏ పడవైనా రాకపోతే ఎతకడానికని అందరం తలో కొంత పోసి ఉంచినాం."

"గవర్నమెంటు సబ్సిడీతో చవగ్గా వచ్చిందేగా, ఎందుకంత బెట్టు?" అన్నాను.

ఆయన సముద్రం వైపే చూస్తున్నాడు. "పొద్దున్న రావాల్సిన పడవ ఇంకా రానేదు. మా అల్లుడు అందులోనే ఉన్నాడు. ఇంకో గంట సూసి ఎల్తాం."

ఆ గంటా ఆయన పక్కనే నిలబడ్డాను.

చివరికి పడవ కనబడింది. ఆయనే లేచి డబ్బా అంతా నా కారులో వంపేశాడు. నేను పర్సు తీస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.

"డబ్బులొద్దు. డబ్బా అట్టుకెల్లి నింపి తెచ్చీ. ఇది ఖాళీగా ఉంటే రేపు ఎవలూ ఏటకెల్లరు."

టెక్కలి బంకులో ముందు ఆ డబ్బాయే నింపించి కారు వెనక్కి తిప్పాను. ఆయన దాన్ని పాకలో ఎప్పటి చోటే పెట్టాడు. అన్న మాటకు క్షమించమని అడగడానికి నేను తటపటాయిస్తుంటే, "అన్నం తిన్నావేటి బాబూ?" అని ఆయనే అడిగాడు.