పెట్రోలు క్యాన్లకు హారతి

నేను హిందూపురంలో స్టేషన్ ఫైర్ ఆఫీసరుగా పనిచేసిన చివరి ఏడాది, ఏప్రిల్ మొదటి ఆదివారం, ఒక మోటారు సైకిళ్ల క్లబ్బు యాత్రకు స్టాండ్‌బై డ్యూటీ పడింది. రిటైర్మెంటుకు అప్పటికి ఇంకా పదకొండు నెలలుంది. స్టాండ్‌బై అంటే జనం గుమిగూడే చోట, నిప్పుతో పని ఉన్న చోట, ముందుజాగ్రత్తగా ఒక ఫైరింజన్ను, సిబ్బందిని నిలబెట్టడం. జాతరలకు, బహిరంగ సభలకు ఇది మామూలే. మోటారు సైకిళ్లు బయలుదేరడానికి ఫైరింజన్ అడిగినవాళ్లను మాత్రం ముప్పై మూడేళ్ల సర్వీసులో అప్పుడే చూశాను. నిప్పంటే ఇంత భయమున్న మనుషులు కూడా ఉన్నారే అని ముచ్చటపడ్డాను. తీరా వెళ్లాక తెలిసింది, ఫొటోలో వెనకాల ఎర్రటి బండి ఉంటే బాగుంటుందని అడిగారట!

క్లబ్బులో తొమ్మిది మంది సభ్యులు. అధ్యక్షుడు విశ్వనాథప్ప. కర్ణాటక సరిహద్దున అగళి వైపు భూములు, హిందూపురంలో మేడ, మాటలో కాస్త కన్నడ యాస. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే తనకు తెలియని సంగతి ఒకటైనా లోకంలో ఉందని ఆయనకు ఇంతవరకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆయనతో కలిపి ఎనిమిది మందికి పెద్ద పెద్ద బండ్లున్నాయి. తొమ్మిదోవాడు నరసింహులు, ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. అతనిది చీరల మూటలు కట్టుకుని తిరిగే పాత హండ్రెడ్ సీసీ బండి, వెనక ఇనుప కేరియర్. బండి నడపడమంటే ప్రాణం కాబట్టి ఈ పెద్దమనుషుల వెంట తిరుగుతున్నాడు. వాళ్లు అతన్ని ‘సపోర్ట్ వెహికల్’ అంటారు. ఆ మాట విని అతను మురిసిపోతాడు.

వీళ్లు వేసవి దాటాక లడఖ్ పోతారట. అందుకు రిహార్సలుగా హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా యాత్ర. టిఫిను చేసి బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి అందే దూరం. దారి పొడవునా బంకులే. అయినా మోకాళ్లకు చిప్పలు, మోచేతులకు చిప్పలు, నెత్తిన కెమెరాలు, ప్రతి పెద్ద బండికీ అయిదు లీటర్ల ప్లాస్టిక్ క్యాను నిండా పెట్రోలు. క్యాన్ల మీద వేరుశనగ నూనె కాగితాలు కూడా ఇంకా ఊడలేదు. మూతలు కారకుండా లోపల పాలిథిన్ కవరు పెట్టి బిగించారు. కట్టిందేమో సైలెన్సరు పక్కన!

ఎందుకయ్యా ఇదంతా అని అడిగితే విశ్వనాథప్ప నన్ను జాలిగా చూశాడు. "లడఖ్‌లో బంకులు యాడుంటాయి సార్? పెట్రోలు ఎత్తుకోని పోవల్ల. అలవాటు కావల్ల కదా" అన్నాడు. పెనుకొండలో ఉన్నాయి కదప్పా అన్నాను. "పెనుకొండను లడఖ్ అనుకోవల్ల సార్, అదే ప్రాక్టీసు" అన్నాడు.

దూర ప్రయాణంలో అదనంగా పెట్రోలు మోయడం తప్పు కాదు. దానికొక పద్ధతి ఉంది. పెట్రోలు కోసమే తయారైన గట్టి డబ్బా కావాలి, నూనె క్యాను పనికిరాదు. ఎండకు పెట్రోలు ఉబ్బుతుంది కాబట్టి అంచు దాకా నింపకుండా పైన కొంత ఖాళీ వదలాలి. డబ్బాను నేల మీద పెట్టి నింపాలి, బండి మీద ఉంచి కాదు. వేడి తగలని చోట కట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, నేలమీద పాకుతుంది, కంటికి కనబడదు. నిప్పు క్యాను దాకా రానక్కరలేదు, ఆవిరే వెళ్లి నిప్పును కలుస్తుంది.

ఇదంతా మైకులో పావుగంట చెప్పాను. ఎనిమిది మందీ గంగిరెద్దుల్లా తలలూపారు, చప్పట్లు కొట్టారు. సాగనంపడానికి వచ్చిన ఆడవాళ్లు షామియానా వెనక నిమ్మకాయలు, బూడిదగుమ్మడికాయలు సర్దుకుంటున్నారు. నా ఉపన్యాసంతో వాళ్లకేం పని అని నేనూ అనుకున్నాను, వాళ్లూ అనుకున్నారు. తర్వాత క్యాన్లన్నీ విప్పించి ఒక ఆటోలో ఎక్కించి వెనక్కి పంపించాను. మా లీడింగ్ ఫైర్‌మన్ ఓబులేసు, అంటే ఇంజన్ మీద నా తర్వాతి బాధ్యుడు, నా చెవిలో ఒక మాట వేశాడు: "సార్, ఆటో ఇంటికి పోతాందా, యాడికి పోతాందా చూద్దామా?" నేను నవ్వి, ఏ గంటకు ఏం జరిగిందో రాసే స్టేషన్ పుస్తకంలో ‘క్యాన్లు తొలగించబడినవి’ అని రాయమన్నాను. ఆ వాక్యం రాయించినందుకు చాలాకాలం సిగ్గుపడ్డాను.

మా ఇల్లు ధర్మవరంలోనే. అక్కడ జరిగే స్వాగత సభకు ముఖ్య అతిథిగా రమ్మని విశ్వనాథప్ప పిలిచాడు. శాలువా అంటే ఎవరికి చేదు? ఇంజన్ను ఓబులేసుకు అప్పజెప్పి, యూనిఫాంలోనే పల్లెవెలుగు బస్సెక్కాను. ఊరూరా ఆగే ఆ బస్సు వాళ్ల కంటే గంట ముందు నన్ను దింపింది. పెనుకొండ కోట కనబడే ప్రతి మలుపులోనూ వాళ్లు ఫొటోలు దిగుతున్నారు మరి.

నరసింహులు ఇంటి వీధిలోనే స్వాగతం. అతని తల్లి వెంకటలక్ష్మమ్మ నాకు కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, పక్కనే అరుగు మీద కూర్చుంది. ఒడిలో పళ్లెం, పళ్లెంలో పసుపు, కుంకుమ, పూలు, కర్పూరం పొట్లం, అగ్గిపెట్టె. గంటసేపు ఆమె కొడుకు గురించి చెప్పింది, నేను నా సర్వీసు గురించి చెప్పాను. రెండో గ్లాసు మజ్జిగ కూడా తాగాను.

మొదట ఎనిమిది పెద్ద బండ్లు వచ్చాయి. ఇంజన్లు ఆపకుండా గుర్రుగుర్రుమనిపిస్తున్నారు, డప్పులు మోగుతున్నాయి. దిగీ దిగకముందే విశ్వనాథప్ప నాకు శాలువా కప్పి, దండ వేసి, జ్ఞాపిక చేతుల్లో పెట్టాడు. అద్దాల పెట్టెలో ఇత్తడి మోటారు సైకిలు, రెండు చేతులా పట్టుకుంటే గాని ఆగని బరువు. అప్పుడు, అందరికంటే చివర, నరసింహులు వచ్చాడు.

ఆటో ఇంటికి పోలేదు. పెనుకొండలో వాళ్ల కోసం కాచుకుని ఉంది. పెద్ద బండ్లకు మళ్లీ కట్టడం ఎవరికీ ఓపిక లేక, పైగా క్యాన్లుంటే ఫొటోలో బండి అందం పోతుందని, ఎనిమిదింటినీ అతని కేరియర్‌కే చీరల తాడుతో కట్టేశారు. తొమ్మిది బండ్లలోనూ తక్కువ పెట్రోలు తాగే బండి అది ఒక్కటే. అలాంటిది అందరి పెట్రోలూ దాని నెత్తినే! ఎండకు క్యాన్లు ఉబ్బి గుండ్రంగా అయ్యాయి. మూతల సందుల్లోంచి కారి అతని ప్యాంటు వెనక భాగమంతా తడిసింది. కళ్లకంటే ముందు నా ముక్కుకు తెలిసింది.

వెంకటలక్ష్మమ్మ లేచి బండి హ్యాండిలుకు కుంకుమ పెట్టింది. తర్వాత క్యాన్లకూ వరసగా పెట్టింది. ఆయుధపూజనాడు మగ్గానికి, పోగు నేసే నాడెకు, ఆఖరికి కత్తెరకు కూడా బొట్టు పెట్టే ఇల్లు అది. బండి మోసుకొచ్చిన క్యాన్లేం పాపం చేశాయి? ఒక్కోదానికి ఒక్కో పువ్వు పెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, కర్పూరం వెలిగించి, పళ్లెం పట్టుకుని ముందుకు నడిచింది.

ఆపండి అని అరిచాను. డప్పుల్లో నా గొంతు నాకే వినబడలేదు. పరుగెత్తాను. చేతుల్లో అద్దాల పెట్టె. దాన్ని కింద పడేయాలన్న తెలివి ఆ క్షణంలో రాలేదు. కాలితో తన్నాను.

పళ్లెం ఎగిరి పక్కనున్న మురుగుకాలువలో పడింది. కర్పూరం సుయ్‌మని ఆరిపోయింది. డప్పులు ఆగాయి, ఇంజన్లు ఆగాయి. నా సర్వీసు మొత్తంలో ఏ గుంపూ అంత త్వరగా నా మాట వినలేదు. వెంకటలక్ష్మమ్మ నడివీధిలో కూలబడి, "నా బిడ్డకు హారతి ఇస్తాంటే తంతావా? నీ చేతులు పడిపోయినాయా?" అని ఏడ్చింది. నా చేతులు పడిపోలేదు. జ్ఞాపిక పట్టుకుని ఉన్నాయి.

ధర్మవరం ఫైర్ స్టేషన్‌కు ఫోను చేశాను. వాళ్లు వచ్చేసరికి క్యాన్లు మాయం. మంట లేదు కాబట్టి అది అగ్నిప్రమాదం కాదు. ప్రమాదం కాదు కాబట్టి దానికి రిపోర్టు లేదు. జరగని ప్రమాదాన్ని రాసుకోవడానికి మా శాఖ పుస్తకాల్లో గడి లేదు. నేను తన్నడం మాత్రం ఎనిమిది ఫోన్లలో ఎనిమిది కోణాల నుంచి పడింది. పెట్రోలు వాసన ఏ ఫోనులోనూ పడదు కదా. సాయంత్రానికల్లా హారతిపళ్లెం తన్నిన ఆఫీసరును మా బంధువులంతా చూసేశారు.

వారం తిరక్కుండా క్లబ్బు నుంచి మా పైఅధికారులకు అర్జీ వెళ్లింది. ముసలమ్మను అవమానించాననీ, క్యాన్లలో ఉన్నది తాగే నీళ్లనీ అందులో రాశారు. కింద వెంకటలక్ష్మమ్మ వేలిముద్ర. నాకు మెమో వచ్చింది. శాఖాపరమైన విచారణ తేలకుండా రిటైరైతే తాత్కాలిక పెన్షనే ఇస్తారు, గ్రాట్యుటీ ఆపేస్తారు. అంతకంటే నాకు బాధ కలిగించింది వేరే ఉంది. ముప్పై మూడేళ్లు మంటల్లో దూకి తెచ్చుకున్న పేరు, చివరికి ఒక ముసలావిడను తన్నబోయినవాడుగా మిగిలిపోతుందేమోనన్నది. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

జూలైలో ధర్మవరంలోనే విచారణ జరిగింది. జిల్లా కేంద్రం నుంచి వచ్చిన అధికారి అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఒక్కొక్కరినే అడిగాడు. ఎనిమిది మందీ "తాగే నీళ్లు సార్" అని ఒకే పాఠం ఒప్పజెప్పారు. నరసింహులు నేల చూపులు చూస్తూ "నీళ్లే సార్" అన్నాడు. అతని మగ్గానికి పట్టు ఇచ్చే షావుకారు ఆ ఎనిమిది మందిలో ఒకడు. నరసింహులు మీద నాకు కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. వచ్చింది, బాగానే వచ్చింది.

చివరికి తురుపుముక్కలా వెంకటలక్ష్మమ్మను తీసుకొచ్చారు. ఈయన పళ్లెం తన్నాడా అమ్మా అని అధికారి అడిగాడు.

"తన్నినాడు సామీ. ఊరంతా చూసిరి."

విశ్వనాథప్ప నావైపు చూసి మీసం సర్దుకున్నాడు. క్యాన్లలో నీళ్లేనా అని రెండో ప్రశ్న.

"నీళ్లేంది సామీ? వీని ప్యాంటు మూడు తూర్లు ఉతికినా పెట్రోలు కంపు పోల్యా. తొడలెనక బొబ్బలెక్కి నాలుగు దినాలు మగ్గం గుంతలో కూచోలేకపాయ. నీళ్లకు బొబ్బలొస్తాయా?"

విశ్వనాథప్ప చేయి మీసం మీదే ఉండిపోయింది. అలాంటప్పుడు అర్జీ మీద వేలిముద్ర ఎందుకు వేశావని అధికారి అడిగాడు.

"తన్నినాడు కాబట్టి ఏసినా. అది వేరే, ఇది వేరే" అని, ఆమె నావైపు తిరిగింది. "ఏమప్పా, గంటసేపు నా పక్కన కూచోని రెండు గ్లాసులు మజ్జిగ తాగితివి. కర్పూరం నా ఒళ్లోనే ఉండె. బండ్ల కాడ పెట్రోలు ఉంటాది, నిప్పు తేవద్దవ్వా అని ఒక్క మాట నాకు చెప్పింటే నేను ముట్టిస్తానా? మైకులో మొగోళ్లకు చెప్పినావంట. నిప్పు వాళ్ల చేతిలో ఉండెనా, నా చేతిలో ఉండెనా?"

క్యాన్లు వస్తాయని నాకు తెలియదని చెప్పబోయి ఆగాను. బండ్లు వస్తాయని తెలుసు. హారతి ఇస్తారనీ తెలుసు. అగ్గిపెట్టెను గంటసేపు కళ్లారా చూశాను.

అభియోగం కొట్టేశారు. నిప్పును కాలితో తన్నడం శాఖ డ్రిల్లులో ఎక్కడా లేదని మాత్రం ఒక హెచ్చరిక రాశారు. అది న్యాయమే. ఆగస్టులో క్లబ్బు లడఖ్ వెళ్లింది, సగం దారి రైల్లో. బండిని రైల్లో వేయాలంటే ట్యాంకులో ఉన్న పెట్రోలు కూడా చుక్క లేకుండా తీసేయాలి. రైల్వే స్టేషన్లో నిలబడి ఎనిమిది మందీ తీసేశారని ఓబులేసు చెప్పాడు. నరసింహులును తీసుకుపోలేదు. మోయడానికి పెట్రోలు లేనప్పుడు సపోర్ట్ వెహికల్ దేనికి?

మిగిలిన ఆరు నెలల్లో ఏ స్టాండ్‌బైకి వెళ్లినా నేను మైకు దగ్గరకు పోలేదు. అగ్గిపెట్టె ఎవరి దగ్గరుందో ముందు కనుక్కుని, వాళ్ల పక్కన కూర్చుని చెప్పాను. శాలువాలు, జ్ఞాపికలు ఇస్తామంటే మంటలన్నీ ఆరాక ఇమ్మన్నాను. అందాకా రెండు చేతులూ ఖాళీగా ఉంచుకున్నాను.